గోదారి నీళ్లు, అణు కరెంటు... మా నాన్న రెండెకరాలు

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా నాన్న ఒక ప్రశ్న అడిగాడు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఎన్నో చిక్కుముడులు విప్పే నాకు దానికి జవాబు దొరకలేదు. మూడు రోజుల సెలవూ దాని వెనకాలే తిరగాల్సొచ్చింది.

మాది ఖమ్మం దగ్గర ముదిగొండ. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఆ రోజు టీవీలో విశాఖపట్నం డేటా సెంటర్ గురించి ఏదో చర్చ నడుస్తోంది. గూగుల్ సంస్థ 1500 కోట్ల డాలర్లు పెడతానంది, గిగావాట్ స్థాయి కేంద్రం అంటున్నారు. నాన్న అరిసె తింటూ వింటున్నాడు.

"ఒరేయ్, ఈ కంప్యూటర్లకి అంత కరెంటు కావాలంట్రా? నువ్వు చేసే పనికి కూడానా?"

"కావాలి నాన్నా. అందుకే ప్రపంచమంతా మళ్లీ అణు విద్యుత్తు వైపు చూస్తోంది. బొగ్గు తగ్గించాలి, కరెంటు మాత్రం పెంచాలి. వేరే దారి ఏముంది?" అన్నాను కాస్త గొప్పగా.

నాన్న టీవీ సౌండు తగ్గించాడు. "మంచిదే. మరి రేపు అది మన ఊళ్లోనే కడతామంటే, మన రెండెకరాలు ఇద్దామంటావా?"

నా నోట మాట లేదు.

చీకట్లో మోటారు

మా నాన్నకి కరెంటు విలువ తెలియక అడగలేదు. నాకంటే ఆయనకే బాగా తెలుసు.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు పొలానికి త్రీ ఫేజ్ కరెంటు రాత్రిపూట వచ్చేది. ఏ ఒంటిగంటకో రెండింటికో. టార్చిలైటు పట్టుకుని నాన్న, పెదనాన్న గట్ల మీద నడుచుకుంటూ పోయి మోటారు వేసి వచ్చేవాళ్లు. స్టార్టర్ డబ్బా దగ్గర తడి, కాళ్ల కింద పురుగూ పుట్రా. ఒక రాత్రి మిరపతోట గట్టు మీద పెదనాన్నని కట్లపాము కరిచింది. ఖమ్మం తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది. కరెంటు పగలు వచ్చి ఉంటే ఆయన ఆ వేళకి మంచంలో నిద్రపోతూ ఉండేవాడు.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. అందుకే 'కరెంటు వాడకం తగ్గించుకుంటే సరిపోతుంది కదా' అని ఎవరైనా ఏసీ గదిలో కూర్చుని అంటే నాకు చిర్రెత్తుతుంది. తగ్గించాల్సినవాళ్లు ఉన్నారు, నిజమే. కానీ ప్రపంచంలో ఇంకా కోట్లమందికి కరెంటు సరిపడా అందనే లేదు. మన దేశంలోనే 2024 మే 30న గరిష్ఠ డిమాండ్ 250 గిగావాట్లకు చేరింది. తెలంగాణలో 2025 మార్చిలో 17 వేల మెగావాట్లు దాటింది. వచ్చే ఎండాకాలాలు ఇంకా పెంచేవే.

దానికి తోడు మా సాఫ్ట్‌వేర్ వాళ్ల వాటా ఒకటి.

ఒక సర్వరు = మూడు మోటార్లు

నాన్నకి అర్థమయ్యేలా లెక్క చెప్పాను. మా పొలంలో ఉన్నది 5 హెచ్‌పీ మోటారు. అది దాదాపు 3.7 కిలోవాట్లు తీసుకుంటుంది. ఇప్పుడు కృత్రిమ మేధ కోసం వాడే పెద్ద సర్వరు, అంటే ఎనిమిది జీపీయూలు ఉండే పెట్టె, పూర్తి లోడ్ మీద 10 కిలోవాట్లు లాగుతుంది. అంటే మంచం కింద పట్టేంత పెట్టె ఒకటి, మూడు వ్యవసాయ మోటార్లతో సమానం. అలాంటివి వేలకు వేలు ఒకేచోట, రాత్రీపగలూ ఆగకుండా!

మరో లెక్క. మణుగూరు దగ్గరి భద్రాద్రి థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యం 1080 మెగావాట్లు. ఒక గిగావాట్ డేటా సెంటర్ నిండుగా నడిస్తే, ఆ కేంద్రం మొత్తం దాదాపు దానికొక్కదానికే సరిపోతుంది. అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలోని డేటా సెంటర్లు 2024లో 41,500 కోట్ల యూనిట్లు వాడాయి. 2030 నాటికి అది 94,500 కోట్ల యూనిట్లు కావచ్చట.

ఈ సర్వర్లకి సాయంత్రం ఆరు దాటాక 'సూర్యుడు పోయాడు, రేపు రా' అంటే కుదరదు. అందుకే 2024 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్‌లో మూతపడిన ఒకటో రియాక్టర్ నుంచి 20 ఏళ్లపాటు కరెంటు కొనడానికి ఒప్పందం చేసుకుంది. 1979లో ప్రమాదం జరిగింది దాని పక్కనే ఉన్న రెండో రియాక్టర్‌లో! ఒకప్పుడు భయానికి మారుపేరైన చోటుకే మళ్లీ గిరాకీ వచ్చిందన్నమాట.

అశ్వాపురం మామయ్య

నాన్న ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ మర్నాడు మా మేనమామ దగ్గరికి బయల్దేరాను. ఆయన అశ్వాపురంలో ఆటో నడుపుతాడు. కొత్తగూడెం, పాల్వంచ దాటి, అడవి మొదలయ్యాక, గోదావరికి దగ్గర్లో ఉంటుంది ఆ ఊరు.

పాల్వంచలో బస్సు కిటికీలోంచి చూస్తే ఆకాశం ఏదో బోడిగా అనిపించింది. చిన్నప్పుడు శ్రీరామనవమికి భద్రాచలం వెళ్తుంటే అక్కడ పెద్ద పెద్ద కూలింగ్ టవర్లు కనిపించేవి. ఇంగ్లిష్ కార్టూన్లలో అణు కేంద్రం అంటే అవే చూపిస్తారు కాబట్టి, అది అణు కేంద్రమే అని నా ఫ్రెండ్స్‌తో పందెం కూడా కాశాను. నిజానికి అది బొగ్గుతో నడిచే పాత కేటీపీఎస్. ఆ టవర్లలోంచి వచ్చేది పొగ కాదు, ఆవిరి. నీళ్లు చల్లబరిచే పని థర్మల్ కేంద్రంలోనూ ఉంటుంది, అణు కేంద్రంలోనూ ఉంటుంది. పాతబడిన ఆ యూనిట్లు మూతపడ్డాక, 2024 ఆగస్టులో ఆ ఎనిమిది టవర్లనీ కూల్చేశారు.

పందెం ఓడినా, అణుశక్తి వాసన మా జిల్లాకి నిజంగానే ఉంది. అది అశ్వాపురంలోని భారజల కర్మాగారం. అందరూ 'హెవీ వాటర్ ప్లాంట్' అంటారు. కాగితాల మీద పేరు మణుగూరు. 1991 నుంచి నడుస్తోంది. ఉద్యోగుల కాలనీ పేరు గౌతమీనగర్.

"మామయ్యా, ఇక్కడ ఉండటానికి భయం లేదా?" అన్నాను.

"దేనికి అల్లుడూ? పెద్ద పెద్ద సార్లు, వాళ్ల పిల్లలు ఇక్కడే ఉంటన్నారు కదా. నాకొక్కడికేంది భయం?" అని నవ్వాడు. "అయినా లోపల చేసేది ఏందో ఇన్నేళ్ల నుంచి నాకు ఎవరూ చెప్పలా. బాంబులు చేస్తారని కొందరంటారు. నువ్వు ఇంజినీరువి కదా, నువ్వు చెప్పు."

టీ తాగుతూ చెప్పాను. మామూలు నీళ్లలో ఉండే హైడ్రోజన్‌లో దాదాపు ఆరున్నర వేల పరమాణువులకి ఒకటి కాస్త బరువైనది ఉంటుంది. దాని పేరు డ్యుటీరియం. గోదావరిలోనూ ఉంది, మా పాలేరులోనూ ఉంది, ఆ టీలోనూ ఉంది. ఆ బరువైన హైడ్రోజన్ ఉన్న నీటిని వేరుచేసి పోగు చేస్తే అదే భారజలం. మామూలు నీటికంటే పదకొండు శాతం దాకా బరువు.

అశ్వాపురంలో వేరుచేసే పద్ధతి భలే ఉంటుంది. గోదావరి నీటిని, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువుని ఎత్తైన టవర్లలో ఎదురెదురుగా పంపుతారు. చల్లటి టవరులో డ్యుటీరియం వాయువులోంచి నీటిలోకి చేరుతుంది. వేడి టవరులో నీటిలోంచి వాయువులోకి పోతుంది. మళ్లీ మళ్లీ ఇలా తిప్పి చిక్కబరుస్తారు. వెన్న తీయడానికి మజ్జిగ చిలికినట్టే, కాకపోతే చాలా ఎక్కువసార్లు. దీనికి బోలెడు ఆవిరి, కరెంటు కావాలి. పక్కనే సింగరేణి బొగ్గు, ఎదురుగా గోదావరి. ప్లాంటు ఇక్కడికే ఎందుకొచ్చిందో తెలిసిందిగా!

"మరి అణువు ఏది?" అన్నాడు మామయ్య.

"ఇక్కడ లేదు. యురేనియం లేదు, రియాక్టర్ లేదు. ఇక్కడ జాగ్రత్తపడాల్సింది రేడియేషన్‌కి కాదు, ఆ గ్యాస్‌కి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ప్రాణం తీస్తుంది."

మామయ్య కాసేపు మాట్లాడలేదు. "ఇన్నేళ్లూ లేనిదానికి భయపడ్డవాళ్లున్నారు, ఉన్నదేందో తెలవనోళ్లున్నారు. ఇదేదో ముందే చెబితే పోయేది కదా!"

ఆ మాట నాకు గుచ్చుకుంది. అసలు సమస్య సగం అక్కడే ఉందనిపించింది.

పదిహేను కిలోల కట్ట

అశ్వాపురం నీళ్లు ఎక్కడికి పోతాయి? దేశంలోని స్వదేశీ రియాక్టర్లలోకి. యురేనియం అణువు చీలినప్పుడు న్యూట్రాన్లు చాలా వేగంగా బయటికొస్తాయి. ఆ వేగం తగ్గిస్తేనే మరో అణువు తేలిగ్గా చీలుతుంది. భారజలం వాటిని మింగేయకుండా వేగం మాత్రం తగ్గిస్తుంది. అందువల్ల యురేనియాన్ని శుద్ధి చేస్తే చాలు, శ్రమపడి 'సంపన్నం' చేయక్కర్లేదు. మన రియాక్టర్లలో ఎక్కువభాగం ఈ రకమే.

ఆ ఇంధనం తయారయ్యేది కూడా మన దగ్గరే. 1971లో హైదరాబాద్‌లో ఏర్పాటైన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో. 220 మెగావాట్ల రియాక్టర్‌లో వాడే ఇంధన కట్ట ఒకటి అర మీటరు పొడవు ఉంటుంది. అందులో యురేనియం డయాక్సైడ్ సుమారు పదిహేను కిలోలు. ఒక్క కట్ట నుంచి దాదాపు ఏడు లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. నెలకి 200 యూనిట్లు వాడే మా ఇంటికైతే 290 ఏళ్లు! అంత కరెంటు బొగ్గుతో తీయాలంటే దాదాపు 500 టన్నులు తగలెయ్యాలి. ఏడెనిమిది రైలు వ్యాగన్లు. మన బొగ్గులో బూడిద ఎక్కువ కాబట్టి, నూట యాభై టన్నులకు పైగా బూడిద మిగులుతుంది. పాల్వంచ వైపు తిరిగినవాళ్లకి బూడిదంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు.

వాతావరణం లెక్క చూస్తే తేడా ఇంకా పెద్దది. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం 2014 లెక్క ప్రకారం, గని తవ్వడం నుంచి ప్లాంటు మూసేదాకా అన్నీ కలిపినా యూనిట్ అణు విద్యుత్తుకి 12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బొగ్గుకైతే 820 గ్రాములు.

ఇంకో సంగతి. ముదిగొండలో మా ఇంటి బల్బులో అణు కరెంటు ఇప్పటికే ఉంది. కర్ణాటకలోని కైగా నుంచి తెలంగాణకి వాటా వస్తుంది. ఆ కైగాలోని ఒకటో యూనిట్ 962 రోజులు ఏకధాటిగా నడిచి 2018 డిసెంబరు 31న విశ్రాంతి తీసుకుంది. మరి మనం వాడుకుంటున్న కరెంటు పక్కవాళ్ల ఊళ్లో తయారైతే పర్లేదా? నాన్న ప్రశ్న మళ్లీ ఎదురొచ్చింది.

భయం ఊరికే రాలేదు

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ పేలింది. అదే ఏడాది ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు ఎక్కింది. మా వైపు పెద్దవాళ్లకి రెండోదే గుర్తు. కానీ 2011 మార్చి 11న జపాన్‌లో ఈ రెండు కథలూ కలిసిపోయాయి. భూకంపానికి ఫుకుషిమా రియాక్టర్లు వాటంతటవే ఆగాయి. తర్వాత వచ్చిన సునామీ నీళ్లు డీజిల్ జనరేటర్లని ముంచేశాయి. ఆగిన రియాక్టర్‌లోనూ వేడి పుడుతూనే ఉంటుంది. చల్లబరచడానికి కరెంటు లేక ఇంధనం కరిగిపోయింది. కరెంటు తయారుచేసే చోట కరెంటు లేక ప్రమాదం!

2022 జులైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగుల వరద చూశాక, 'అంత నీరు రాదులే' అనే మాట నేను నమ్మను.

అయినా లెక్క లెక్కే. ఒక్కో యూనిట్ కరెంటుకి ఎంతమంది ప్రాణం పోయిందని పరిశోధకులు లెక్కగడితే, చెర్నోబిల్, ఫుకుషిమా కలుపుకున్నా అణు విద్యుత్తు బొగ్గుకంటే వందల రెట్లు సురక్షితం. బొగ్గు పొగతో పోయే ప్రాణం పేపర్లో హెడ్డింగ్ కాదు, మెల్లగా పోతుంది. మా పెదనాన్న కూడా ఏ ప్రమాదాల లెక్కలోనూ ఉండడు కదా!

వ్యర్థాల సంగతి మాత్రం తేలిగ్గా కొట్టేయలేం. వాడిన ఇంధనంలోని ప్లుటోనియం సగానికి తగ్గడానికి 24 వేల ఏళ్లు పడుతుంది. మన దేశంలో వాడిన ఇంధనాన్ని మళ్లీ శుద్ధి చేసి పనికొచ్చేది తీసుకుని, మిగిలిన తీవ్రమైన వ్యర్థాన్ని గాజులో కలిపి గట్టిపరుస్తారు. పరిమాణం తక్కువే. కాపలా మాత్రం మన మునిమనవళ్ల మునిమనవళ్లది.

కొవ్వాడ, తుమ్మలపల్లె, నల్లమల

తెలుగు నేల మీద అణుశక్తి కథ చదివితే నాకు అర్థమైంది ఒకటే. గొడవ సైన్స్‌తో కంటే భూమితో, నీళ్లతో, నమ్మకంతోనే ఎక్కువ.

కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. అక్కడి వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్లు పాడవుతున్నాయని, పంటలు దెబ్బతింటున్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్ల తరబడి ఫిర్యాదు చేస్తూ వచ్చారు. నల్లమలలో యురేనియం వెతుకుతారనగానే 2019లో పెద్ద ఎత్తున వ్యతిరేకత వచ్చింది. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానమే చేసింది.

ఇక శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ. అక్కడ ఒక్కోటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు అమెరికా రియాక్టర్లు కట్టాలన్నది ఆలోచన. రియాక్టర్ సరఫరా చేయాల్సిన వెస్టింగ్‌హౌస్ 2017 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. తర్వాత కోలుకుంది. అదే నమూనా రియాక్టర్లు రెండు అమెరికాలోని వోగ్‌టిల్‌లో పూర్తయ్యాయి. కాకపోతే ఏడేళ్లు ఆలస్యంగా, 1400 కోట్ల డాలర్లు అనుకున్న ఖర్చు 3000 కోట్లు దాటాక! కొవ్వాడలో మాత్రం ఇంతవరకూ ప్లాంటు లేదు. భూసేకరణ, పునరావాసం మాటల మధ్య మత్స్యకార కుటుంబాలు ఏళ్లు గడిపాయి. ఇల్లు బాగుచేయించుకోవాలా వద్దా అని తేల్చుకోలేక బతకడం ఎలా ఉంటుందో ఆలోచించండి.

భూమి మాట వచ్చినప్పుడు మా ఊరు ఊరికే ఉండదు. 2007 జులై 28న భూమి కోసం జరిగిన ఆందోళనలో పోలీసు కాల్పులకు ఏడుగురు చనిపోయిన ఊరు మాది. అప్పుడు నేను ప్రైమరీ స్కూలు పిల్లాణ్ణి. రెండెకరాలు ఇద్దామా అని మా నాన్న అడిగాడంటే, ఆ మాట వెనక అదంతా ఉంది.

మరి రేపటి సంగతేంటి?

ప్రపంచంలో 30కి పైగా దేశాల్లో 400కు పైగా రియాక్టర్లు నడుస్తున్నాయి. మొత్తం కరెంటులో వాటి వాటా 9 శాతం దాకా. 1996లో ఇది 17 శాతం పైనే ఉండేది! 2023 ఏప్రిల్‌లో జర్మనీ తన చివరి మూడు రియాక్టర్లనీ ఆపేసింది. అదే ఏడాది డిసెంబరులో దుబాయ్ సదస్సులో 20కి పైగా దేశాలు 2050 నాటికి అణు సామర్థ్యాన్ని మూడు రెట్లు చేస్తామన్నాయి. ఆ జాబితాలో మన దేశం లేదు గానీ, సొంత లక్ష్యం పెట్టుకుంది. 2025 బడ్జెట్‌లో 2047 నాటికి 100 గిగావాట్లు అన్నారు. చిన్న రియాక్టర్ల పరిశోధనకి 20 వేల కోట్ల రూపాయలు కేటాయించారు. 2025 డిసెంబరులో పార్లమెంటు 'శాంతి' చట్టం చేసి ప్రైవేటు కంపెనీలకీ తలుపు తీసింది.

లెక్కేసి చూద్దాం. 1969లో తారాపూర్‌తో మొదలుపెట్టి 55 ఏళ్లలో మనం చేరింది 9 గిగావాట్ల లోపే. ఇక మిగిలిన ఇరవై రెండేళ్లలో ఏటా నాలుగు గిగావాట్లకు పైగా కలపాలి. నాకు నమ్మకం కుదరడం లేదు. అదే సమయంలో సౌర విద్యుత్తు 2025 మొదట్లోనే 100 గిగావాట్లు దాటేసింది. త్వరగా కట్టొచ్చు, చవక కూడా. కాకపోతే మెగావాట్‌కి నాలుగైదు ఎకరాలు కావాలి, రాత్రికి బ్యాటరీ కావాలి. కొవ్వాడ సామర్థ్యమంత సోలార్ పెట్టాలంటే 30 వేల ఎకరాలు కావాలి. అదీ పగలు మాత్రమే.

కాబట్టి అణు విద్యుత్తు ఒక్కటే లోకాన్ని కాపాడుతుందని నేను చెప్పను. పగటి భారం సూర్యుడు మోస్తాడు. రాత్రి, వానాకాలం, ఆగకుండా నడవాల్సిన ఫ్యాక్టరీలు, ఆసుపత్రులు, మా సర్వర్లు... వీటికి ఇప్పుడు బొగ్గు చేస్తున్న పనిలో పెద్ద భాగం అణువు చేయగలదు. చేయాలి కూడా. అది లేకుండా బొగ్గు ఆపడం మాటల్లోనే అవుతుంది.

నాన్నకి చెప్పిన జవాబు

తిరిగొచ్చిన రాత్రి నాన్న, నేను డాబా మీద పడుకున్నాం. దూరంగా పొలాల్లో మోటార్లు వాటంతటవే నడుస్తున్న చప్పుడు. ఎవరూ టార్చిలైటు పట్టుకుని పోనక్కర్లేదు.

"నాన్నా, నువ్వడిగిందానికి జవాబు చెప్తా. ఇద్దాం. కానీ ఊరికే కాదు. ముందు ఏం కడుతున్నారో, ఏం ప్రమాదముందో తెలుగులో, మన ఊరి రచ్చబండ మీద చెప్పాలి. నీళ్లు, గాలి పరీక్షలు వాళ్లు కాకుండా వేరేవాళ్లు చేసి, ఫలితాలు పంచాయతీ గోడ మీద అతికించాలి. కడతారో లేదో ఒక గడువులోపు తేల్చాలి, లేదంటే భూమి వెనక్కి ఇవ్వాలి. ప్రమాదం జరిగితే ఎవరు ఎంత కట్టాలో ముందే రాసుండాలి. ఇవన్నీ ఒప్పుకుంటే ఇద్దాం."

నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. నిద్రపోయాడేమో అనుకున్నా.

"అన్న ఉంటే ఇచ్చేవాడురా" అన్నాడు చివరికి. "కాకపోతే ఆ కాగితం గోడ మీద పడేదాకా పాస్‌బుక్కు నా పెట్టెలోనే ఉంటది."

నాకు అదే సరైన జవాబనిపించింది.